గుప్పెడు ఎండు సబ్జా

మా బాపు తరాజు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇత్తడి పళ్లేలు రెండూ సొట్టలు పోయాయి, ముల్లు కొంచెం ఎడమకు ఒరిగింది. ఆ తరాజు మీద ఎడమ చెయ్యి పెట్టి, కుడి చేత్తో ఇది రాస్తున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, ఒక్క అక్షరం తక్కువ లేదు. నా మాటల గురించి మా ఇంటివాళ్లు మీకు ఏమైనా చెప్పి ఉంటే దాన్ని కాసేపు పక్కన పెట్టండి. తరాజు మీద చెయ్యి పెట్టి అబద్ధమాడే ధైర్యం కిరాణా వ్యాపారి కొడుకుకు ఉండదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన వారం మా ఆవిడ సూపర్ మార్కెట్ నుంచి చియా గింజల పొట్లం ఒకటి తెచ్చింది. పీచు, మాంసకృత్తులు, గుండెకు మేలు చేసే కొవ్వు అని పొట్లం మీద రాసి ఉంది. ఎక్కడో సముద్రాల అవతల పండేవట. గ్లాసులో నానబెడితే ఒక్కో గింజ చుట్టూ జిగురు గౌను తొడుక్కుంది. చూడగానే నవ్వొచ్చింది. చియా వేరు, సబ్జా వేరు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఇద్దరూ దూరపు చుట్టాల్లా ఉన్నారు. ఆ చుట్టాల్లో ఒకరు మా బాపు పీకల మీదికి తెచ్చి, తర్వాత ఆయన్నే కాపాడిన కథ నాకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా తెలియదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీలో కెమిస్ట్రీ ఒక్కటి మిగిలిపోయి, వరంగల్ చౌరస్తా దగ్గర మా కిరాణా దుకాణంలో కూర్చునేవాణ్ని. ఇల్లు దుకాణం వెనకే. బాపు తొంభై కిలోల మనిషి. గద్దె మీద ఒకసారి కూర్చున్నాడంటే మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. అలాంటి మనిషి ఆ ఎండాకాలం మొదట్లో గంటకు నాలుగుసార్లు లేవడం మొదలుపెట్టాడు. ఒకసారి నీళ్లకు, ఒకసారి ఆ నీళ్లు వదలడానికి. మా కుండ రోజుకు రెండుసార్లు ఖాళీ అయ్యేది. ఎండ దెబ్బ అన్నాడు ఆయన. అమ్మ వినలేదు, నన్ను తోడిచ్చి సుబేదారిలో ఉన్న ఒక డాక్టరు దగ్గరికి పంపింది.

ఆ రోజుల్లో షుగరు చూసే పద్ధతి వేరు. గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచేవారు. షుగరు లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే పచ్చబడుతుంది, ఇంకా ఉంటే పసుపు, ఆ తర్వాత నారింజ, మరీ ఎక్కువైతే ఇటుక ఎరుపు. ఇది బాపుకు ఎవరూ చెప్పలేదు. కాంపౌండరు గొట్టాన్ని కాచి పైకెత్తగానే అందులో ఎర్రటి ఎరుపు మెరిసింది.

మిర్చి రంగు చూసి దాని జాతకం చెప్పే మనిషి మా బాపు. గొట్టాన్ని కాంపౌండరు చేతిలోంచి అందుకుని, కిటికీ వైపు తిప్పి, కళ్లు చిట్లించి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"ఏం రంగు పడ్డది సారూ. గిసొంటి ఎరుపు ఈ యేడు మార్కెట్ల నేను సూడనే లేదు. ఫస్టు రకం."

కాంపౌండరు ఆయన వైపు జాలిగా చూశాడు. "సేటూ, ఇది మిర్చి కాదు. ఎంత ఎర్రగుంటే నీ ఒంట్ల అంత షక్కరున్నట్టు."

డాక్టరు మంచివాడే కానీ మొహమాటం లేదు. మాత్రలు రాశాడు. తీపి బంద్ అన్నాడు, అన్నం సగం చేసి జొన్న రొట్టె తినమన్నాడు, పొద్దున్నే నడవమన్నాడు. నెల తిరిగేసరికి గొట్టంలో రంగు దిగాలి, దిగకపోతే బతికినన్నాళ్లూ రోజూ సూది తప్పదు అన్నాడు. సూది అనే మాట వినగానే బాపు కుర్చీలోంచి లేచి తలుపు దాకా వెళ్లిపోయాడు. నేను చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాను.

బాపుకు లోకంలో దేనికీ భయం లేదు, సూదికి తప్ప. ఆ రోజుల్లో మేడారం జాతరకు పోయేవాళ్లకు దారిలో ఆపి కలరా సూది వేసేవారు. ఆ సూదికి భయపడి మూడు జాతరలు దారిలోంచే తిరిగొచ్చాడు. ఒకసారైతే సూదివాళ్లు బస్సు ముందు తలుపు ఎక్కుతుంటే, అంత మనిషీ వెనక కిటికీలోంచి దిగాడు. ఇంకోసారి ఏటూరునాగారం అడవి చుట్టూ తిరిగి దొడ్డిదారిన సమ్మక్క తల్లిని చూద్దామని పోతే అక్కడా సూదివాళ్లే ఎదురయ్యారట. ఆ పరుగులో పోయిన చెప్పు ఇప్పటికీ ఆ అడవిలోనే ఉంది.

డాక్టరు దగ్గర నుంచి రాగానే దేవుడి గూటి ముందు నిలబడి మొక్కుకున్నాడు. సూది తప్పిస్తే సమ్మక్క తల్లికి తన ఎత్తు బంగారం ఇస్తానన్నాడు. మేడారంలో బంగారం అంటే బెల్లం. మొక్కుకున్నవాళ్లు తరాజులో ఒకవైపు తాము కూర్చుని, రెండోవైపు బెల్లం పెట్టి తూచి తల్లికి అప్పగిస్తారు.

వంటింట్లోంచి అమ్మ అన్నది: "షక్కరొచ్చినోడు బెల్లం మొక్కుడేంది. జర వేరే ఏదన్న మొక్కరాదు."

ఆ సంగతి విని మూడో రోజే హన్మకొండ నుంచి మా మేనత్త రిక్షాలో దిగింది. బాపుకు అక్క. ఆమె అత్తవారిది తరతరాలుగా షర్బత్ దుకాణం. కొంగున కట్టిన మూట విప్పి నల్లటి గింజలు అమ్మ చేతిలో పోసింది. సబ్జా. మా దుకాణంలోనూ చిన్న డబ్బాలో ఉండేవి, ఎండాకాలం షర్బత్‌లోకని కొనుక్కునేవారు. బాపు వాటిని అమ్మడమే కానీ ఎప్పుడూ తాగలేదు.

మేనత్త చెప్పిన వైద్యం ఇది. చెంచాడు గింజలు గ్లాసు నీళ్లలో పావుగంట నానబెట్టాలి. చక్కెర వెయ్యొద్దు, పలచటి మజ్జిగలో కలపాలి. అన్నానికి ముందు తాగాలి. కడుపు సగం వాటితోనే నిండుతుంది, చెయ్యి మూడో ముద్దకు పోదు. తిన్నది ఆ జిగురులో చిక్కుకుని నెమ్మదిగా అరుగుతుంది, షక్కర ఒక్కసారిగా నెత్తురులో పడదు. ఒళ్లు చల్లబడుతుంది. పొద్దున కూడా సుఖంగా ఉంటుంది. ఈ చివరి మాట అన్నప్పుడు మాత్రం ఆమె నన్ను అవతలికి పొమ్మన్నది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

పొట్లాల మీద రాసేవాళ్లు ఇవాళ ఇంచుమించు అదే చెబుతున్నారు. పీచు కడుపు నింపుతుంది, చక్కెర చేరే వేగాన్ని తగ్గిస్తుంది, మలబద్ధకం పోగొడుతుంది అని. కాకపోతే వాళ్లెవరూ తలుపు వెనక నిలబడి నేర్చుకోలేదు.

మొదటిరోజే అమ్మ ఒక పొరపాటు చేసింది. తొంభై కిలోల మనిషికి చెంచాడు ఏం ఆనుతుందని, బియ్యం కొలిచే గిద్దెతో నిండా కొలిచి చెంబులో పోసి, నీళ్లు పోసి, పళ్లెం మూత పెట్టింది. పావుగంటకు పళ్లెం లేచింది. అరగంటకు పళ్లెం పక్కకు జరిగింది. ఆ తర్వాత చెంబులోంచి నల్లచుక్కల జిగురు మెల్లగా దిగి అరుగు మీదుగా వాకిట్లోకి వచ్చింది. మా పిల్లి దాని మీద అడుగుపెట్టి, నడవకుండానే వాకిలి ఈ కొస నుంచి ఆ కొసకు చేరింది. తరాజు మీంచి చెయ్యి తియ్యలేదు, గమనించండి.

బాపు ఆ గ్లాసు చూసి ముఖం తిప్పుకున్నాడు. కప్ప గుడ్లు అన్నాడు. మనిషన్నవాడు తినేది కాదన్నాడు. మేనత్త బతిమాలింది, తిట్టింది, చిన్నప్పటి విషయాలు బయట పెడతానని బెదిరించింది. మూడు రోజులు గ్లాసు నిండా వచ్చి నిండానే వెనక్కి పోయింది. ఇంకోవైపు మొదటి వారం పరీక్ష ఇంట్లోనే చేశాం. కాంపౌండరు దగ్గర నేను నేర్చుకుని, గొట్టం, దీపం, మందు తెచ్చాను. వంటింట్లో పెట్టనివ్వలేదు అమ్మ. పెరట్లో చేశాను. నా నోటి మాట మీద ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు కనుక, బాపు దుకాణంలోంచి ఐదు గిన్నెలు తెచ్చి వరసగా పెట్టాడు: కారం, మసూర్ పప్పు, పసుపు, పెసర్లు, నీలిమందు. గొట్టాన్ని వాటి పక్కన పెట్టి చూస్తే అచ్చం కారం గిన్నె. ఈసారి రంగు బాగుందని ఆయన అనలేదు.

అయినా గ్లాసు ముట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం, గిరాకీ పలచగా ఉన్న వేళ, మేనత్త మూట గద్దె మీద పెట్టి ఆఖరుసారి అడిగింది. ఇక్కడ మా వ్యాపారుల చేతి అలవాటు ఒకటి చెప్పాలి. దుకాణానికి ఏ సరుకు వచ్చినా, ఆవాలు కానీ ధనియాలు కానీ, బాపు గుప్పిట్లోకి తీసుకుని నోట్లో బుక్కి, నమిలి చూడనిదే లోపల పెట్టనిచ్చేవాడు కాదు. ఎండుగా నమిలితేనే సరుకు గుణం తెలుస్తుందనేది ఆయన లెక్క. తడిపిన సరుకు దొంగ సరుకు. మరి ఆ చెయ్యి ఊరుకుంటుందా. గుప్పెడు ఎండు సబ్జా అలా నోట్లోకి పోయింది, పళ్లకు అందనంత చిన్న గింజలు నాలుక మీదా అంగిట్లోనూ అంటుకున్నాయి, దాంతో పక్కనున్న చెంబెత్తి గటగటా నీళ్లు తాగడమైంది.

ఎండు సబ్జాకు కావాల్సింది కూడా అదే కదా. చెంబులో చేసే పని అవి గొంతులో చేశాయి.

మాట రాలేదు. ఊపిరి కూత పెట్టింది. కళ్లు ఎర్రబడ్డాయి, గొట్టంలో రంగంత ఎరుపు. మేనత్త మెడ పట్టి ముందుకు వంచి, వీపు మీద చరిచి చరిచి, జిగురు ముద్ద బయట పడేదాకా వదల్లేదు. పడిన ముద్ద నిమ్మకాయంత ఉంది. పిల్లి వచ్చి చూసి, ముందటి అనుభవం గుర్తొచ్చి దూరంగా పోయింది.

ఆ తర్వాత గంటసేపు బాపు నోట మాట లేదు. సరిగ్గా అప్పుడే, ప్రతి పొట్లానికీ అరగంట బేరమాడే ఒకావిడ చింతపండుకు వచ్చింది. ధర ఎంతన్నది. బాపు చూస్తూ కూర్చున్నాడు. తగ్గించమన్నది. బాపు చూస్తూనే ఉన్నాడు. మా దుకాణం చరిత్రలో మొదటిసారి ఆమె నోరు మూసుకుని, అమ్మ చెప్పిన ధర ఇచ్చి చింతపండు తీసుకుపోయింది.

సాయంత్రం మేనత్త గ్లాసు తెచ్చి ముందు పెట్టి ఒకటే మాట అన్నది.

"నాననీయకుంటే అది గొంతుల నానుతది తమ్మీ. గ్లాసుల నానబెడుదామా, గొంతుల నానబెడుదామా?"

బాపు గ్లాసు అందుకున్నాడు. కళ్లు మూసుకుని, ముక్కు పట్టుకుని తాగాడు. తాగి కాసేపు ఆలోచించి, "కప్ప గుడ్లే. గని సల్లగున్నయి," అన్నాడు.

అక్కడి నుంచి రోజూ రెండు పూటలా గ్లాసు. పొద్దున్నే ఖిలా దాకా నడక, నేను తోడు. జొన్న రొట్టె, ఆకుకూర. రెండో వారం గొట్టం మసూర్ పప్పు గిన్నె దగ్గర ఆగింది. ఇంట్లో పండగ. మూడో వారం మళ్లీ కారం గిన్నె. అందరూ నా వైపు చూశారు, నేనేదో కలిపానని. బాపు మాత్రం నేల చూపులు చూస్తున్నాడు. అడగ్గా అడగ్గా, గోనెసంచుల వెనక దాచుకున్న మామిడిపండ్ల సంగతి బయట పడింది. రెండే తిన్నానన్నాడు. టెంకలు ఐదు దొరికాయి.

ఆ వారం ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మిగిలింది ఒకే వారం. ఎప్పుడూ పరాచికాలాడే అమ్మ మామిడిపండ్లన్నీ ఊళ్లోవాళ్లకు పంచేసింది. బాపు ముంజేతిని మాటిమాటికీ తడుముకునేవాడు, సూది పోటు అప్పుడే పడ్డట్టు. గ్లాసు కోసం మాత్రం ఆయనే వచ్చి వంటింటి గడపలో నిలబడేవాడు.

నాలుగో వారం గొట్టం కాచాను. నీలం కదిలింది, పచ్చబడింది, కొంచెం పసుపు వైపు చూసి అక్కడ ఆగింది. పసుపు అన్నది అమ్మ. పెసర్లు అన్నాడు బాపు. ఇద్దరూ వాదించుకుంటుంటే మేనత్త గొట్టం లాక్కుని ఎండలో పెట్టి చూసి, పొట్టు తియ్యని పెసర్లే అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మాటెలా ఉన్నా సుబేదారి డాక్టరు తానే మళ్లీ పరీక్ష చేశాడు. చూసి తల ఊపాడు. సూది అక్కర్లేదు, మాత్రలు మాత్రం ఆపొద్దన్నాడు. బాపు సబ్జా సంగతి చెబితే శ్రద్ధగా విని, అది మందు కాదు, మందుకు మంచి తోడు, నానబెట్టే తాగు, నీళ్లు ఎక్కువ తాగు అన్నాడు.

మాఘమాసంలో జాతర వచ్చింది. మొక్కు తీర్చాలి. దుకాణం ముందు పెద్ద కాంటా వేలాడదీసి ఒకవైపు బాపును కూర్చోబెట్టాం. ఇంకోవైపు బెల్లం దిమ్మెలు. మొక్కుకున్న నాటికి తొంభై కిలోలు. గ్లాసులూ నడకా కలిసి అప్పటికి పద్నాలుగు కిలోలు కరిగించాయి. బెల్లం కూడా పద్నాలుగు కిలోలు తగ్గింది.

మేనత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "తల్లికి మొక్కి, మొక్కినంక తూకం తగ్గించినవ్. అసలైన సేటువురా తమ్మీ."

బాపుకు అది గుచ్చుకుంది. ఇంకో పద్నాలుగు కిలోలు తెప్పించి కలిపాడు. అలా బెల్లం బస్సెక్కింది కానీ అసలు ముప్పు దారిలోనే ఉంది. సూది తప్పించినందుకు తల్లికి మొక్కు చెల్లించాలంటే కలరా సూది వేయించుకోవాలి. బస్సు ఆగింది. సూదివాళ్లు ఎక్కారు. నేను వెనక కిటికీకి అడ్డంగా కూర్చున్నాను. బాపు ఆ కిటికీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "కానియ్," అన్నాడు సూదివాడితో, కళ్లు మూసుకుని. పొడిచింది కూడా తెలియలేదట. ఆ మాట మేడారం చేరేదాకా బస్సులో ప్రతి ఒక్కరికీ చెప్పాడు.

ఇంతవరకూ రాసి తరాజు మీది చెయ్యి చూసుకున్నాను. చెయ్యి తిమ్మిరెక్కింది. ఒక్కటి మాత్రం ఇలా వదిలేస్తే రేపు ఆ ముల్లు ఇంకా ఒరుగుతుంది.

పిల్లి జారింది నిజమే. టెంకలు ఐదే. ఎండు సబ్జా బుక్కింది మాత్రం బాపు కాదు, నేను. ఆ మధ్యాహ్నం ఆయన గ్లాసు తోసేస్తే, ఇదేమైనా విషమా, నేను తిని చూపిస్తానని గుప్పెడు నోట్లో పోసుకున్నాను, అచ్చం ఆయన సరుకు చూసినట్టే. నీళ్లు తాగాను. మేనత్త మెడ వంచింది నాది. బాపు గంటసేపు మాట్లాడలేదన్నది నిజం, చింతపండు ఆవిడ బేరమాడకుండా పోయిందీ నిజం. ఆయన గొంతులో ఏమీ లేదు. ఆవిడ ఆయన ముఖం చూసి అడగలేకపోయింది.

సాయంత్రం గ్లాసు వచ్చాక ఆయన దాన్ని ముట్టకుండా తరాజు తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇగ ఎండుయి బుక్కనని దీని మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్ బిడ్డా. నేను నానినయి తాగుత."

వేశాను. ఆయన తాగాడు, ఆ రోజూ, ఆ తర్వాత బతికినన్నాళ్లూ. నేనూ ఎండువి మళ్లీ నోట్లో వేసుకోలేదు. పోయిన వారం మా ఆవిడ చియా పొట్లం విప్పి రుచి చూడమని చేతిలో పోస్తే కూడా, నేరుగా తీసుకెళ్లి గ్లాసులో వేశాను. ఆ తరాజు మీద నేను వేసిన ఒట్లలో నిలబెట్టుకున్నది అదొక్కటే. ఇవాళ్టిది రెండోది కావాల్సింది.